సూర్యుడి అయస్కాంతం: పుట్టేది ఎట్లా, నిలబడేది ఎట్లా

సూర్యుడిలో శాశ్వత అయస్కాంతం అంటూ ఏదీ లేదు, ఉండే వీలు కూడా లేదు. ఇనుమును 770 డిగ్రీల సెల్సియస్ దాటించి వేడి చేస్తే దాని అయస్కాంత గుణం పోతుంది. సూర్యుడి పైపొరే 5,500 డిగ్రీల దగ్గర ఉంది, నడిబొడ్డున కోటిన్నర డిగ్రీలు. అయినా అక్కడ బలమైన అయస్కాంత క్షేత్రం ఉంది. పైగా అది సుమారు పదకొండేళ్లకోసారి ఉత్తర దక్షిణాలు తారుమారు చేసుకుంటుంది. ఈ క్షేత్రాన్ని సూర్యుడు ఎక్కడా దాచి పెట్టుకోలేదు. ప్రతి చక్రంలో, అంటే ఈ పదకొండేళ్ల కాలంలో, పాతదాన్ని చెరిపి కొత్తదాన్ని తయారు చేసుకుంటున్నాడు. ఆ తయారీలో సగం పని చాలా తేలిక. మిగతా సగం ఒక చిన్న వాలు మీద ఆధారపడి నడుస్తుంది.

ముందు కొలతలు. నల్లగొండలో మన కాళ్ల కింద భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 0.4 గాస్ (క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం). చౌటుప్పల్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వారి అయస్కాంత పరిశోధనశాల రోజూ కొలిచేది దీన్నే. సూర్యుడి ధ్రువాల దగ్గర క్షేత్రం అంతకంటే ఎక్కువే గానీ మరీ పెద్దదేమీ కాదు, సగటున 5 నుంచి 10 గాస్. సూర్యమచ్చల్లో మాత్రం 2,000 నుంచి 4,000 గాస్ దాకా ఉంటుంది. 3,000 గాస్ క్షేత్రం కలిగించే అయస్కాంత పీడనం మన వాతావరణ పీడనంలో మూడోవంతు పైనే. అక్కడి వాయువు పీడనం చూస్తే మన వాతావరణ పీడనంలో పదోవంతు. అంటే ఆ పొరలో అయస్కాంతానిదే పైచేయి. లోపలి నుంచి పొంగి వచ్చే వేడి వాయువును అది రానివ్వదు. చుట్టూ 5,500 డిగ్రీలు ఉంటే అక్కడ మాత్రం 4,000 చిల్లరకు చల్లబడుతుంది, అందుకే మనకు నల్లగా కనబడుతుంది.

మచ్చల్లో అయస్కాంతం ఉందని 1908లో అమెరికాలోని మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో జార్జ్ ఎలెరీ హేల్ తేల్చాడు. అయస్కాంత క్షేత్రంలో ఉన్న పరమాణువు వెలువరించే కాంతిరేఖ చీలుతుంది, దీన్నే జీమన్ ప్రభావం అంటారు. ఈ చీలిక ఎంత చిన్నదంటే (ఆంగ్‌స్ట్రామ్ అంటే మి.మీ.లో కోటో వంతు), నేడు వాడే 6,173 ఆంగ్‌స్ట్రామ్‌ల ఇనుము రేఖ 3,000 గాస్ దగ్గర కూడా పక్కకు జరిగేది సుమారు 0.13 ఆంగ్‌స్ట్రామ్ మాత్రమే. ధ్రువాల దగ్గరి 5 గాస్‌ను కొలవడం ఎందుకంత కష్టమో దీన్ని బట్టే తెలుస్తుంది. ధ్రువాలు తారుమారు కావడం మొదటిసారి చూసింది 1957–58లో, బాబ్‌కాక్ కొత్తగా కట్టిన మాగ్నెటోగ్రాఫ్ (సూర్యుడి మీద క్షేత్రాన్ని కొలిచే పరికరం)తో. ముందు దక్షిణ ధ్రువం మారింది, ఏడాది తర్వాత గానీ ఉత్తరం మారలేదు.

ఈ తారుమారే అసలు సాక్ష్యం. సూర్యుడు పుట్టినప్పుడు చిక్కుకున్న క్షేత్రమే ఇంకా మిగిలి ఉంది అనుకుంటే లెక్క ప్రకారం తప్పేమీ లేదు. ఎందుకంటే ప్లాస్మా, అంటే సూర్యుడిలోని విద్యుదావేశం ఉన్న వేడి వాయువు, చాలా మంచి విద్యుత్ వాహకం. విద్యుత్ నిరోధం వల్లనే క్షేత్రం అరిగిపోవాలంటే వెయ్యి కోట్ల సంవత్సరాల పాటు పడుతుంది, సూర్యుడి వయసు 460 కోట్లే. కానీ మిగిలిపోయిన క్షేత్రం పదకొండేళ్లకోసారి తిరగబడదు. తిరగబడుతోందంటే ఎవరో లోపల దాన్ని మళ్లీ మళ్లీ తయారు చేస్తున్నట్టే. కదిలే వాహకం తన క్షేత్రాన్ని తానే పుట్టించుకోగలదని జోసెఫ్ లార్మర్ 1919లో సూచించాడు.

ఫంక్షన్ హాల్ జనరేటర్ బాగుచేసే మెకానిక్‌కు ఈ సంగతి చేతిపనిగా తెలుసు. నెలల తరబడి వాడని జనరేటర్ ఇంజిన్ బాగానే తిరుగుతుంది, వోల్టేజ్ మాత్రం రాదు. లోపలి ఇనుములో మిగలాల్సిన కొద్దిపాటి అయస్కాంతం పోయి ఉంటుంది. 12 వోల్టుల బ్యాటరీ తీగలు ఫీల్డ్ వైండింగ్‌కు ఒక్క క్షణం తాకిస్తే చాలు. ఆ చిన్న క్షేత్రంలో తిరిగే చుట్ట కొంత కరెంటు ఇస్తుంది, ఆ కరెంటు క్షేత్రాన్ని పెంచుతుంది, పెరిగిన క్షేత్రం ఇంకా కరెంటు ఇస్తుంది. సూర్యుడిలోనూ విత్తనం, కదలిక రెండూ కావాలి. తేడా ఏమిటంటే అక్కడ తీగలు లేవు, చుట్టలు లేవు. తిరిగేదీ, కరెంటు మోసేదీ అదే వాయువు. తీగలు లేనప్పుడు కరెంటు తనకు అడ్డదారులు వెతుక్కుంటుంది. కాబట్టి ఏ కదలిక పడితే ఆ కదలిక సరిపోదు.

ఆ కదలికలు ఎక్కడున్నాయో చూద్దాం. సూర్యుడి వ్యాసార్ధం 6,96,000 కి.మీ. నడిబొడ్డు నుంచి దాదాపు 70 శాతం దాకా శక్తి కాంతి రూపంలో బయటికి పాకుతుంది. ఆపైన 2,00,000 కి.మీ. మందాన ఉన్న పొరలో వాయువు మసులుతూ పైకి లేస్తుంది, చల్లారి కిందికి దిగుతుంది. సూర్యకంపనాల అధ్యయనం తేల్చిందేమంటే, ఈ మసిలే పొర అంతా అక్షాంశాన్ని బట్టి వేర్వేరు వేగాలతో తిరుగుతుంది. దాని కిందిది మాత్రం గట్టి బంతిలా ఒకే వేగంతో తిరుగుతుంది. రెండూ కలిసే పల్చటి పొరకు టాకోక్లైన్ అని 1992లో స్పీగెల్, జాన్ పేరు పెట్టారు.

ఇప్పుడు తేలిక సగం. ప్లాస్మా మంచి వాహకం కాబట్టి అయస్కాంత బలరేఖలు దాన్ని అంటిపెట్టుకుని దానితోపాటే పోతాయి. ఇది ఆల్వెన్ చెప్పిన మాట. ఉత్తర ధ్రువం నుంచి దక్షిణ ధ్రువానికి నిలువుగా ఒక బలరేఖ ఉందనుకోండి. భూమధ్యరేఖ లాంటి నడుమ రేఖ దగ్గర సూర్యుడు రోజుకు 14.7 డిగ్రీలు తిరుగుతాడు, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర 11.9 డిగ్రీలే. తేడా రోజుకు 2.8 డిగ్రీలు. 360ని దీంతో భాగిస్తే 129 రోజులు. అంటే నాలుగు నెలల పైచిలుకుకు నడుమ భాగం పైభాగం కంటే ఒక చుట్టు ముందుకు పోతుంది. పదకొండేళ్లలో 31 చుట్లు. నిలువు రేఖ సాగి సాగి తూర్పు–పడమరగా చుట్టుకుంటుంది, సాగిన కొద్దీ బలపడుతుంది. 31 చుట్లంటే దాదాపు 195 రేడియన్లు. క్షేత్రం దాదాపు అన్ని రెట్లు పెరుగుతుంది కాబట్టి 5 గాస్‌తో మొదలుపెడితే సుమారు 1,000 గాస్ అవుతుంది. ఉత్తరార్ధగోళంలో క్షేత్రం ఒక దిక్కున, దక్షిణంలో ఎదురు దిక్కున చుట్టుకుంటుంది. హేల్, ఆయన తోటివారు 1919లో ప్రకటించిన నియమం ఇక్కడి నుంచే వస్తుంది: ఒక గోళార్ధంలో మచ్చల జంటల్లో ముందుది (సూర్యుడు తిరిగే దిక్కున ముందున్నది) ఏ ధ్రువమో, రెండో గోళార్ధంలో దానికి ఎదురు. తర్వాతి చక్రంలో రెండూ తారుమారు.

చుట్టుకున్న క్షేత్రం లోపలే ఉండిపోదు. అయస్కాంత గొట్టం లోపల అయస్కాంత పీడనం కూడా పని చేస్తుంది కాబట్టి బయటి పీడనంతో సమతూకానికి లోపలి వాయువు తక్కువైనా చాలు. వాయువు పలచబడితే గొట్టం తేలికై పైకి తేలుతుంది. దీన్ని 1955లో యూజీన్ పార్కర్ చెప్పాడు. అది ఉంగరంలా వంగి పైపొరను చీల్చుకుని బయటపడిన రెండు చోట్లే మచ్చల జంట. ఇక్కడే ఒక పెద్ద చిక్కు ఉంది, మామూలు పుస్తకాలు దీన్ని దాటేస్తాయి. గొట్టం మరీ బలహీనంగా ఉంటే, పైకి లేస్తున్నప్పుడు కొరియాలిస్ బలం (తిరిగే గోళంలో కదిలేదాన్ని పక్కకు మళ్లించేది) దాన్ని సూర్యుడి అక్షానికి సమాంతరంగా నెట్టేస్తుంది, మచ్చలు 50, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడుచుకు రావాలి. నిజానికి అవి కనబడేది 5 నుంచి 35 డిగ్రీల మధ్యనే. 1987లో అర్ణబ్ రాయ్ చౌధురి, గిల్మన్ ఈ సమస్యను బయటపెట్టారు. 1993లో డిసిల్వా, చౌధురి మచ్చల జంట తూర్పు–పడమర గీతకు ఎంత వాలి ఉంటుందో కూడా లెక్కలోకి తెచ్చారు. అడుగున క్షేత్రం 1,00,000 గాస్ దగ్గర ఉంటేనే రెండూ సరిపోతాయని తేలింది. మన చుట్ల లెక్క ఇచ్చింది 1,000. ఈ వంద రెట్ల తేడా ఎట్లా పూడుతుందన్నది నేటికీ పూర్తిగా తేలలేదు. నా ఉద్దేశంలో ఈ రంగంలో అన్నిటికంటే నిజాయితీగా ఒప్పుకోవాల్సిన లోటు ఇదే.

ఇక కష్టమైన సగం. నిలువు క్షేత్రం అడ్డంగా మారింది సరే, అడ్డం మళ్లీ నిలువుగా మారాలి కదా. లేకపోతే ఒక్క చక్రంతో కథ అయిపోతుంది. సూర్యుణ్ని అక్షం చుట్టూ ఎటు తిప్పి చూసినా ఒకేలా ఉండే కదలికతో, అక్షం చుట్టూ ఒకేలా ఉండే క్షేత్రాన్ని నిలబెట్టడం అసాధ్యమని 1934లో కౌలింగ్ గణితంతో నిరూపించాడు. అంటే భ్రమణం ఒక్కటే చాలదు, ఆ పొందికను చెడగొట్టేది ఏదో కావాలి. పైకి లేచే వాయువును కొరియాలిస్ బలం మెలితిప్పుతుందనీ, ఆ మెలి అడ్డ క్షేత్రం నుంచి చిన్న చిన్న నిలువు ఉంగరాలు పుట్టిస్తుందనీ పార్కర్ 1955లో దారి చూపాడు. బాబ్‌కాక్ 1961లో, లేటన్ 1969లో చూపిన దారి వేరు. అది కంటికి కనబడేది కాబట్టి నాకు దాని మీద నమ్మకం ఎక్కువ.

ఆ దారి మచ్చల వాలు. పైకి లేచే గొట్టాన్ని కొరియాలిస్ బలం కొద్దిగా తిప్పుతుంది. అందుకే మచ్చల జంట సరిగ్గా తూర్పు–పడమరగా ఉండదు. ముందు మచ్చ నడుమ రేఖకు కొంచెం దగ్గరగా, వెనక మచ్చ ధ్రువం వైపు కొంచెం దూరంగా ఉంటుంది. అక్షాంశం పెరిగితే వాలు పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర సగటున 5 నుంచి 10 డిగ్రీలు. దీన్ని జాయ్ నియమం అంటారు. మచ్చలు వారాల్లో చెదిరిపోతాయి, వాటి అయస్కాంతం మాత్రం పైపొరలో పరుచుకుంటుంది. రెండు గోళార్ధాల ముందు మచ్చల క్షేత్రాలు నడుమ రేఖ దగ్గర ఎదురెదురై చెరుపుకుంటాయి. వెనక మచ్చల క్షేత్రం మిగిలి ధ్రువం వైపు జరుగుతుంది. 2019 డిసెంబరులో మొదలైన 25వ చక్రాన్నే తీసుకుందాం. మొదట్లో ఉత్తర ధ్రువం ధనాత్మకం, అంటే బలరేఖలు బయటికి వచ్చేది (లోపలికి పోయేది రుణం). ఉత్తరార్ధగోళంలో ముందు మచ్చలు ధనం, వెనకవి రుణం. ఆ రుణ క్షేత్రం పైకి పాకి ముందు ధ్రువంలోని ధన క్షేత్రాన్ని చెరిపేస్తుంది, ఆ తర్వాత వచ్చింది పోగుపడి కొత్త రుణ ధ్రువమవుతుంది. కొత్త విత్తనం సిద్ధం, తర్వాతి చక్రం ఎదురు దిక్కున చుట్టడం మొదలవుతుంది.

ఈ పని ఎంత సన్నటి దారం మీద నడుస్తుందో గమనించాలి. ఒక ధ్రువం దగ్గర ఉన్న మొత్తం అయస్కాంత ప్రవాహం ఒకే ఒక్క పెద్ద మచ్చల గుంపులో ఉన్నంతే. చక్రమంతా పుట్టే వందలాది గుంపుల్లో చాలాభాగం ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి, ధ్రువానికి చేరేది నూటికి ఒకటీ అరా. పైగా వాలు సగటు 5–10 డిగ్రీలైతే, ఒక్కొక్క గుంపులో అటూ ఇటూ ఊగేది అంతకంటే ఎక్కువ. నడుమ రేఖకు దగ్గరలో ఒక పెద్ద గుంపు తప్పు వాలుతో పుడితే చాలు, రాబోయే చక్రం బలం మారిపోతుంది. 1645 నుంచి 1715 దాకా మచ్చలు దాదాపు కనబడకుండా పోయిన మౌండర్ కనిష్ఠ కాలం ఎట్లా వచ్చిందో చెప్పడానికి ఈ ఊగిసలాటనే చాలామంది కారణంగా చూపుతారు.

పదకొండేళ్లే ఎందుకు? సూర్యుడి పైపొరలో వాయువు నడుమ రేఖ నుంచి ధ్రువాల వైపు సెకనుకు 10–20 మీటర్ల వేగంతో నెమ్మదిగా పారుతుంది. నడుమ రేఖ నుంచి ధ్రువానికి 11 లక్షల కి.మీ., 15 మీటర్ల వేగంతో రెండేళ్ల పైచిలుకు. పైకి పోయిన వాయువు లోపల నుంచి తిరిగి రావాలి. అడుగున సాంద్రత చాలా ఎక్కువ కాబట్టి అక్కడ వేగం సెకనుకు ఒకటి రెండు మీటర్లే. 60 డిగ్రీల నుంచి 10 డిగ్రీలకు అడుగున దూరం 4,25,000 కి.మీ., 1.5 మీటర్ల వేగంతో దాదాపు తొమ్మిదేళ్లు. చక్రం మొదట్లో 30 డిగ్రీల దగ్గర పుట్టే మచ్చలు ఏటేటా నడుమ రేఖ వైపు జరగడానికీ, చక్రం నిడివికీ ఈ తిరుగు ప్రవాహమే కారణమని 1995లో చౌధురి, ష్యూస్లర్, దిక్పతి నమూనా కట్టారు. చక్రం శిఖరాన మచ్చలు ఎక్కువగా ఉండేది 15 డిగ్రీల ఇరుపక్కల. సూర్యుడి మీద నల్లగొండ అక్షాంశం గీస్తే సరిగ్గా ఆ పట్టీలో పడుతుంది.

క్షేత్రం హద్దు లేకుండా పెరగకపోవడానికి కారణం అది తిరిగి వాయువునే వెనక్కి నెట్టడం. పెరిగిన క్షేత్రం తనను పుట్టించిన కదలికకే అడ్డుపడుతుంది. ఇది ఊహ కాదు. మచ్చల పట్టీల వెంట భ్రమణ వేగం సెకనుకు కొన్ని మీటర్లు హెచ్చుతగ్గులవుతుందని 1980లో హోవర్డ్, లబాంట్ కొలిచారు. ఖర్చు భరించేది మాత్రం నడిబొడ్డున హైడ్రోజన్ హీలియంగా మారుతూ ఇచ్చే వేడే. అది ఉన్నంతకాలం పైపొర మసులుతుంది, మసిలినంతకాలం ఈ యంత్రం నడుస్తుంది.

సిద్ధాంతం ఎక్కడ తప్పిందో కూడా చెప్పాలి. 24వ చక్రానికి ముందు ఒకే రకం నమూనాతో రెండు జట్లు రెండు జోస్యాలు చెప్పాయి. 2006లో దిక్పతి జట్టు 23వ చక్రం కంటే 30–50 శాతం బలంగా ఉంటుందంది. 2007లో చౌధురి, ఛటర్జీ, జియాంగ్ 35 శాతం బలహీనమన్నారు. మచ్చల సంఖ్య లెక్కన 23వ చక్రం శిఖరం 180, 24వది 2014 ఏప్రిల్‌లో 116. సరిగ్గా 35 శాతం తక్కువ. తేడా అంతా ఒక్క అంకెలో ఉంది: మసిలే వాయువు క్షేత్రాన్ని ఎంత తొందరగా చెదరగొడుతుంది అన్నది. తక్కువ అనుకుంటే రెండు మూడు చక్రాల పాత క్షేత్రం గుర్తుంటుంది, ఎక్కువ అనుకుంటే ఒక్క చక్రమే. గెలిచిన జట్టు చక్రం చివర కొలిచిన ధ్రువ క్షేత్రాన్నే నేరుగా నమూనాలో పెట్టింది. 25వ చక్రం శిఖరం 2025 జులైలో వస్తుందనీ, 115 ఉంటుందనీ అంతర్జాతీయ కమిటీ 2019లో అన్నది. వచ్చింది 2024 అక్టోబరులో 160 పైచిలుకు. కాబట్టి అంకె మీద కాదు, పద్ధతి మీద నమ్మకం పెట్టుకోవడం మేలు.

యంత్రం ఎక్కడుందన్న దాని మీద కూడా వాదన నడుస్తోంది. చాలాకాలం అందరూ టాకోక్లైన్ అనే అన్నారు. కానీ ఆ పొరే లేని, నడిబొడ్డు దాకా మసిలే చిన్న నక్షత్రాలు కూడా సూర్యుడి లాంటి వాటి మాదిరే, అయస్కాంతం బలానికి గుర్తైన ఎక్స్‌కిరణాలు వెలువరిస్తున్నాయని 2016లో రైట్, డ్రేక్ చూపారు. 2024లో ఇంకో జట్టు పైపొర దగ్గరి వేగపు తేడాలే చాలునంది.

పాలమూరు, నల్లగొండ వాళ్లకు ఈ క్షేత్రం ఆకారం ఒకసారి నేరుగా కనబడింది. 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం సంపూర్ణ గ్రహణం నీడ ఈ జిల్లాల మీదుగానే పోయింది. ఉస్మానియా వారి జపాల్–రంగాపూర్ అబ్జర్వేటరీ ఆ దారిలోనే ఉంది. అమెరికా నుంచి హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ బృందం పాలెంలో కెమెరా పెట్టింది. చక్రం శిఖరం దాటి అప్పటికి రెండు నెలలు. ధ్రువ క్షేత్రం దాదాపు సున్నాకు పడిపోయిన కాలం కాబట్టి కరోనా (సూర్యుడి చుట్టూ ఉండే పల్చటి వాతావరణం) గుండ్రంగా, అన్ని దిక్కులకూ కిరణాలు చాచి కనబడింది. చక్రం అడుగున ఉన్నప్పుడైతే ధ్రువాల దగ్గర పొట్టి వెంట్రుకల్లాంటి పోచలు, నడుమ అటూ ఇటూ పొడుగాటి రెక్కలు ఉంటాయి.

మచ్చల జంట వాలును సొంతంగా కొలవాలనుకునే విద్యార్థులకు పద్ధతి ఇది. 60–70 మి.మీ. టెలిస్కోపు, 700 మి.మీ. నాభ్యంతరం, 25 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టే వైపు కటకం). ఐపీస్ నుంచి 60 సెం.మీ. దూరంలో తెల్ల కాగితం పెడితే 15 సెం.మీ. బింబం పడుతుంది. కళ్లు ఎప్పుడూ ఐపీస్‌కు పెట్టకూడదు, ఫైండర్‌కు (పక్కనుండే చిన్న టెలిస్కోపుకు) మూత వేసి ఉండాలి. ప్లాస్టిక్ ఐపీస్, అతికించిన కటకాల ఐపీస్ వేడికి చెడిపోతాయి. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర లోపు చూడాలి, స్లాబు వేడెక్కాక బింబం వణుకుతుంది. టెలిస్కోపును కదపకుండా వదిలేస్తే బింబంలో ముందు కాగితం దాటే అంచు పడమర. గొట్టాన్ని కాస్త ఉత్తరానికి వంచితే ముందు దాటే అంచు దక్షిణం.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఆకాశంలో ఉత్తరం వేరు, సూర్యుడి అక్షం ఉత్తరం వేరు. ఏప్రిల్ మొదటి వారంలో, అక్టోబరు రెండో వారంలో రెండింటి మధ్య తేడా 26 డిగ్రీల దాకా పోతుంది. దాన్ని తీసేయకుండా వాలు కొలిస్తే వచ్చేది చెత్త. జనవరి 5, జులై 7 ప్రాంతంలో తేడా సున్నా. జులైలో మనకు మబ్బులు కాబట్టి సంక్రాంతి సెలవులకు ముందు వారం సరైన సమయం. బింబం మధ్యకు వచ్చిన గుంపునే తీసుకోవాలి. ముందు వెనక మచ్చల మధ్య 10 డిగ్రీల రేఖాంశం ఉంటే కాగితం మీద 13 మి.మీ., 10 డిగ్రీల వాలుకు వచ్చే ఎత్తు తేడా 2.3 మి.మీ. ఒక్క మి.మీ. గీత తప్పితే 4 డిగ్రీలు పోయినట్టే. అందుకే ఒక గుంపుతో తేల్చకూడదు, పదుల గుంపుల సగటు కావాలి.

టెలిస్కోపు లేనివాళ్లు నాసా ఎస్‌డీఓ ఉపగ్రహం రోజూ ఇచ్చే మాగ్నెటోగ్రామ్ (సూర్యుడి మీది అయస్కాంత క్షేత్రపు పటం) చూడొచ్చు. తెలుపు ధనం, నలుపు రుణం, కుడి చేయి వైపు పడమర. 25వ చక్రం గుంపుల్లో ఉత్తరాన తెలుపు ముందు, దక్షిణాన నలుపు ముందు. 26వ చక్రం గుంపులు దీనికి ఎదురుగా, ఎక్కువ అక్షాంశంలో పుడతాయి. కొత్త చక్రం మొదలైందని నిపుణులు గుర్తించేదీ ఇట్లాగే.

ఆ చక్రం బలం అంచనా వేయడానికి స్టాన్‌ఫర్డ్ దగ్గరి విల్‌కాక్స్ సోలార్ అబ్జర్వేటరీ 1976 నుంచి కొలుస్తున్న ధ్రువ క్షేత్రం చూడాలి. పది రోజులకొక అంకె వస్తుంది. సూర్యుడి అక్షం 7.25 డిగ్రీలు వంగి ఉంది కాబట్టి ఏడాదిలో ఒకసారి ఉత్తర ధ్రువం, ఇంకోసారి దక్షిణ ధ్రువం మనకు బాగా కనబడుతుంది. దానివల్ల అంకెలు ఏటా ఊగుతాయి. ఆ ఊగును నిజమైన మార్పు అనుకుని జోస్యం చెప్పేస్తారు కొందరు. ఊగు తీసేసిన వడపోత అంకెలు అదే పట్టికలో పక్కనే ఉంటాయి. ఉత్తర, దక్షిణ అంకెల తేడాలో సగం తీసుకోవాలి, అదీ మచ్చలు బాగా తగ్గాకనే. శిఖరం దాటిన రెండు మూడేళ్లలోపు ఆ అంకె ఇంకా పెరుగుతూ ఉంటుంది, అప్పుడు చెప్పేది ఏదీ నిలవదు.